పీటముడి పిన్ని చదరం

చేతి బిగువు మనిషికి పుట్టుకతో వస్తుందా, చేసిన ఉద్యోగంతో వస్తుందా? ఎంత ఆలోచించినా ఇప్పటికీ తేలదు.

పిన్ని పార్శిల్ ఆఫీసులో ఉద్యోగమంతా పురికొసతో కట్టలు కడుతూనే గడిపింది. ఆమె కట్టింది దారిలో విడిపోయిందన్న ఫిర్యాదు ఎన్నడూ రాలేదు. విప్పలేక చచ్చామన్నవి మాత్రం వచ్చేవి. అలా పీటముడి పిన్ని అయింది. రిటైరయ్యాక లేసు అల్లిక మరిగింది.

లేసు పిచ్చి ఉన్నవాళ్ళంతా ఏటా ఒక శని, ఆదివారాలు ఊరి బయట అతిథిగృహంలో చేరతారు. దారం ఒకటే, సూది ఒకటే, పువ్వూ ఒకటే. తలా ఒక చదరం అల్లుతారు. ఆదివారం అన్నీ కలిపి కుట్టి పెద్ద బల్లగుడ్డ చేస్తారు. దారం బిగించి అల్లడంతో పిన్ని చదరం మాత్రం ఎప్పుడూ అందరివాటికన్నా చిన్నదే. దాన్ని కలిపితే గుడ్డంతా మూతి ముడుచుకుంటుంది. అందుకని విడిది నడిపే పెద్దావిడ దాన్ని తెగ మెచ్చుకుని పూలకూజా కింద పరిచేది. ఆ మర్యాదే పిన్నికి ముల్లులా గుచ్చుకునేది. ఈసారి ఎలాగైనా తన చదరం గుడ్డలో ఉండాల్సిందే.

తోడుగా ఆడబిడ్డ వచ్చింది. ఆమెకు సూది పట్టడం రాదు, నోటికి తాళం లేదు. శనివారమంతా పక్కనే కూచుంది. సాయంత్రానికి చదరం మళ్ళీ చిన్నదే అయ్యాక రోగం కనిపెట్టింది.

“ఊపిరి బిగబట్టి అల్లుతున్నావే మరదలా. ఎవరో లాక్కుపోతారన్నట్టు.”

పిన్ని ఒప్పుకోలేదు. కానీ మర్నాడు పొద్దున అందరూ ఫలహారానికి వెళ్ళగానే, అల్లిందంతా విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఆడబిడ్డ తినడం మానేసి ఎదురుగా చతికిలబడి, తన తమ్ముడి గుట్లన్నీ ఒక్కొక్కటే బయటపెట్టింది. ఉద్యోగంలో చేరిన రోజు రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకెళ్ళాడట. ఈత వచ్చని కోతలు కోసి మోకాలిలోతు నీళ్ళలో గావుకేకలు పెట్టాడట.

“ఆయనా? నాతో నది ఈదానన్నారే వదినా.”

“ఈదాడమ్మా, నేను జుట్టు పట్టుకుని లాగుతుంటే.”

పిన్నికి నవ్వు ఆగలేదు. నవ్వే మనిషి ఊపిరెలా బిగబడుతుంది? సూది తన దారిన తాను పోయింది.

మధ్యాహ్నం పెద్దావిడ చదరాలన్నీ పోగుచేసి బల్లమీద పక్కపక్కనే పరిచింది. అన్నీ అతికినట్టు సరిపోయాయి, పిన్నిదీ వాటిలోనే ఉంది. పెద్దావిడకు నమ్మకం కుదరలేదు.

“మన పిన్నిది ఏదర్రా?”

అందరూ వంగి చూశారు. ఇది కాదు, అది కాదు అనుకుంటూ, చివరికి మూలన కాస్త బిగువుగా ఉన్నదానిమీద వేళ్ళు పెట్టారు. తీరా చూస్తే అది పెద్దావిడది. తన చెయ్యి అంత బిగువు కాదని, అది తనది కానే కాదని ఆమె కొట్టిపారేసింది. ఆడబిడ్డ తగుదునమ్మా అని సాక్ష్యానికొచ్చి, తనకూ ఆనవాలు చిక్కక తెల్లమొహం వేసింది. దాంతో వాదన ఇంకా ముదిరింది.

పిన్నినే అడిగితే పోతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టేలోగానే ఆమె సంచీ భుజాన వేసుకుని, నవ్వు పెదాల కింద దాచుకుని, అడుగులో అడుగు వేస్తూ గుమ్మం దాటింది. వదినకైనా వెళ్ళొస్తానని చెప్పలేదు.