ఆరాం చేస్తున్న వీడియో గేమ్

మా అమ్మాయి గేమ్ పెట్టె వేడెక్కి ప్లాస్టిక్ వాసన వస్తే నాకు నస్పూర్‌లోని అద్దె ఇల్లు గుర్తొస్తుంది. ఊళ్లో మా తాతల నాటి దొరల భవంతి, గడీ, చేజారాక మేము అక్కడికి చేరాం. అప్పుడు కూడా పేరున్న కంపెనీ వస్తువు తప్ప మరొకటి మా గడప దాటి లోపలికి వచ్చేది కాదు. బాపు హైదరాబాద్ నుంచి తెచ్చిన విదేశీ వీడియో గేమ్ అలాంటిదే.

అది కొన్నాళ్లకే వేడెక్కి ఆగిపోయింది. రిపేరుకు పంపితే మా వస్తువు చెడిందని నలుగురికీ తెలుస్తుంది. అందుకని బాపు దాన్ని అద్దాల బీరువాలో పెట్టాడు. నాతో మాత్రం, "పెద్ద కంపెనీది బిడ్డా, దానికి జర ఆరాం కావాలె" అన్నాడు. నేను నమ్మాను.

పక్కింటి సమ్మయ్య బొగ్గుబాయిలో పనిచేసేవాడు. కూతురికి గేమ్ కొనే ముందు బాపు సలహా కోసం వచ్చి, బీరువా ముందు నిలబడ్డాడు.

"గిది మంచిగ నడుస్తదా దొరా? ఖరాబైతే మల్ల కొనుడు నాతోని కాదు."

"కొంటే గీ కంపెనీదే కొను. మిగతయన్నీ డూప్లికేట్లే," అన్నాడు బాపు.

నేను గర్వంగా అందుకున్నాను. "మాది దసరా నుంచి ఆరాం చేస్తున్నది కాకా!"

బాపు కిటికీ వైపు తిరిగాడు. సమ్మయ్య నవ్వలేదు. "గట్లనా చిన్నదొరా! మా పోరి గంత ఓపిక పట్టది," అని వెళ్లిపోయాడు.

అతను మంచిర్యాల బజారులో పేరులేని పెట్టె కొన్నాడు. అది ఏళ్ల తరబడి నడిచింది. నేనూ రోజూ వాళ్లింట్లోనే ఆడుకున్నాను. ఎవరైనా మెచ్చుకుంటే సమ్మయ్య, "మాదేముందే, అసలుది దొర ఇంట్ల ఉన్నది" అనేవాడు.

ఆ రోజుల్లో మా ఇంటి పరువు మోసింది సమ్మయ్యేనని ఇప్పుడు ఒప్పుకుంటాను.