ఫోకస్ కుదరని కెమెరా

అల్లూరు చుట్టుపక్కల ఏ క్రైస్తవ కుటుంబంలో మనిషి పోయినా, పాస్టరు గారి తర్వాత కబురందేది ఫోటోల రూఫస్‌కే. శవపెట్టె చుట్టూ అయినవాళ్లంతా నిలబడి ఆఖరి ఫోటో దిగడం అక్కడి ఆనవాయితీ. పన్నెండేళ్లుగా ఆ పని ఆయనదే. అదీ ఒకే ఒక్క కెమెరాతో, కొన్ననాడు అంగట్లో ఉన్నవాటిలోకెల్లా చిన్నరకం డిజిటల్ కెమెరాతో! దానితో వచ్చిన లెన్సయినా మార్చలేదు. వేళ్లు రాసుకుని మీటల మీద గుర్తులన్నీ చెరిగిపోయినా మహానుభావుడికి పట్టలేదు.

రెండు నెలల కిందట ఆయన భార్య రెబెక్కమ్మ పోయింది. ఆ రోజుకైనా ఇంకొకణ్ని పిలుచుకోవచ్చు కదా? పిలవలేదు. తనే కెమెరా మెడలో వేసుకున్నాడు. ఇంటి ముందు పెట్టె చుట్టూ అందరినీ నిలబెట్టి, ఫోకస్ కుదరలేదు, ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ అరగంట ఎండలో మాడ్చాడు. రెబెక్కమ్మ అక్క కళ్లు తిరిగి కూలబడింది. పాస్టరు గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. ఈయనకు కంట్లో తడి లేదు, గొంతులో వణుకు లేదు. పెళ్లి ఫోటోకు చెప్పినట్టు కుడికి జరగండి, ఎడమకు జరగండి అంటుంటే చూసినవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.

ఆ తర్వాత ఆయన కెమెరా ముట్టలేదు. ఫోటోలేవీ అని అడిగినవాళ్లకు సరిగా రాలేదని చెప్పి ఊరుకున్నాడు. పెడితే తింటాడు. ఫోను మోగితే మోగనిస్తాడు. ఏడుపూ రాదు, నిద్రా రాదు. తన ఒళ్లు తనది కానట్టే ఉంది.

కూతురు అబిగయీలు కోవూరులో నర్సు. సెలవు దొరికినప్పుడల్లా వచ్చి వండిపెట్టి పోతుంది. తల్లి దగ్గర ఆ కాస్తసేపూ ఏడవనివ్వకుండా నిలబెట్టాడని తండ్రి మీద ఆమెకు లోపల ఒకటే మంట. ఇలా కొయ్యబారిన మనిషిని ఏమనగలదు? అందుకని కెమెరా మీద పడింది. అమ్మ దగ్గర కూడా మొరాయించిన ఆ డొక్కు ఇంట్లో ఉండడానికి వీల్లేదు, కొత్తది కొనాలి, నాన్న మళ్లీ పనిలోకి దిగాలి అని పట్టుబట్టింది. రూఫస్ సరేనన్నాడు. ఆయన ఈమధ్య దేనికైనా సరేననేవాడే.

శనివారం ఇద్దరూ బస్సెక్కి కావలి వెళ్లారు. దారి పొడుగునా రొయ్యల గుంటలు వస్తూ పోతూ ఉన్నాయి, ఆయన కిటికీ పక్కనే కూర్చుని ఒక్కటీ చూడలేదు. కెమెరాలు అమ్మే సాదిక్‌ది పాత పరిచయం. అబిగయీలే మాట మొదలుపెట్టింది. కొత్తరకం మిర్రర్‌లెస్ కెమెరా కొనాలా, కొంచెం వాడిన పెద్ద కెమెరా తీసుకుంటే నయమా, వీడియో ఎందులో బాగా వస్తుంది అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. సాదిక్ వ్యాపారస్తుడే గానీ అంటగట్టే రకం కాదు. ముందు పాతదానికి వచ్చిన జబ్బేమిటో చూద్దామన్నాడు. ఫోకస్ కుదరదట అంది ఆమె. సంచిలోంచి పాత కెమెరా తీసి సాదిక్ చేతికిచ్చింది.

మెమరీ కార్డు ఇంకా అందులోనే ఉంది. సాదిక్ బ్యాటరీ ఎక్కించి చివర తీసిన ఫోటోలు తెరిచాడు. ఒకదాన్ని పెద్దది చేసి రెబెక్కమ్మ ముఖం దగ్గర ఆగాడు. తర్వాతది చూశాడు, ఆ తర్వాతది చూశాడు. మొత్తం పందొమ్మిది.

"అన్నా, అన్నీ బాగుండాయి గదా. మొదటిదే సరిపోయుండేది. దీనికేం జబ్బు లేదు. చర్చి లోపల వెలుగు చాలకపోతే లెన్సు ఒకటి మార్చుకో, చాలు" అన్నాడు.

అబిగయీలు కెమెరా అందుకుని తనే ఒక్కొక్కటీ చూసింది. ఒక్కటీ మసకగా లేదు. ఎవరి కళ్లూ మూసుకుపోలేదు.

"మరి అన్నిసార్లు ఎందుకు నిలబెట్టినావు నాన్నా మమ్మల్ని?"

రూఫస్ కూతురి చేతిలోని కెమెరా వైపు చూశాడు.

"ఫోటో అయిపోతే మూత పెట్టేస్తారు గదమ్మా" అన్నాడు.

అప్పుడు కూడా ఆయనకు ఏడుపు రాలేదు. ఏడ్చింది అబిగయీలు, ఆ అంగట్లోనే, తండ్రి భుజం మీద తల పెట్టి. కెమెరా మార్చే మాట మళ్లీ ఎత్తలేదు. సాదిక్ ఎటో చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి రూఫస్ ఆ లెన్సేదో చూపించమన్నాడు.