కండెల కారుకు ఆముదం

మొన్న నా బండి ముందు చక్రం దగ్గర నూనె కారుతోందని నార్కట్‌పల్లి చౌరస్తాలో మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. అతను షాక్ అబ్జార్బర్ విప్పి, నల్లబడ్డ నూనెను డబ్బాలోకి వంపుతుంటే నా ముక్కు నన్ను అడగకుండానే ముందుకు వంగింది. "ఏంది మేడం, మిర్చీలు గిట్ట ఏస్తరా దీంట్ల?" అన్నాడు. సిగ్గుపడి వెనక్కి జరిగాను. నేను వెతికింది ఆముదం వాసన. అది అక్కడ ఎందుకుంటుంది?

మోత్కూరు దగ్గర నేతవాళ్ల వాడలో మా ఇల్లంతా నూనె వాసనే. దసరా దగ్గరపడి ముసురు పట్టే రోజుల్లో, పక్కింట్లో సత్తుపిండి కోసం మక్కలు వేయించే కమ్మటి వాసనను కూడా మా గడప దాటనిచ్చేది కాదు. తేలియా రుమాళ్లనే గళ్ల బట్టల నూలుకు రంగు బాగా పట్టాలని అవ్వ ఆముదపు కాయల పొట్టు కాల్చి, ఆ బూడిద నీళ్లను వడగట్టి, నువ్వుల నూనెతో కలిపి, అందులో నూలు నానబెట్టి రోజూ పిసికేది, ఎండ తగిలితే ఆరేసేది, మళ్లీ ముంచేది. బడిలో నన్ను 'జిడ్డు' అని పిలిచేవాళ్లు. నా జడ వాసనకు అన్నారో, పట్టుకున్న పని వదలనందుకు అన్నారో తెలియదు గాని, రెండు విధాలా ఆ పేరు నాకు అతికింది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో, నేను ఆరో తరగతిలో ఉండగా, నార్కట్‌పల్లిలో లారీల షెడ్డులో పనిచేసే మా మేనమామ నాకొక ఎర్ర రిమోట్ కారు కొనితెచ్చాడు. వాకిలికి ఇవతల రేకుల కొట్టంలో అవ్వ రాట్నం తిప్పుతూ వేలంత గొట్టాలకు, అదే కండెలకు, నూలు చుట్టేది. వాకిలికి అవతల అర్రలో బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేవాడు. ఆయన "కండె" అని కేకేసినప్పుడల్లా అష్టాచెమ్మా మధ్యలో వదిలి పరుగెత్తవలసింది నేనే. ఆ నాలుగడుగులు తప్పించుకోవడానికి నేను పడ్డ పాట్లు చూస్తే, నడిచినా అంత అలసట ఉండేది కాదు.

కారు నెత్తిన సబ్బుపెట్టె మూత కట్టి, అందులో కండెలు పెట్టి పంపితే, వాకిట్లో పరిచిన షాబాదు బండల సందు దగ్గరికి రాగానే అది మేకపిల్లలా ఎగిరేది. కండెలు బురదలో పడేవి. నూనె పట్టించి, ముడులు వేసి, రంగుల్లో ముంచిన నూలు అది. మట్టి అంటితే అవ్వ, అమ్మ పడ్డ కష్టమంతా కడిగి పారేసినట్టే. రెండోసారి పడ్డ కండెను బాపు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంకోపారి పడ్డదంటే కారు అటకెక్కుతది బిడ్డా," అన్నాడు. మా ఇంట్లో అటకెక్కిన వస్తువు మళ్లీ దిగినట్టు నేనెన్నడూ చూడలేదు.

సద్దుల బతుకమ్మకు వచ్చిన మామ ముందు గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన మలీద ముద్ద నములుతూ, "లారీకైనా ఒట్టి స్ప్రింగైతే ఎగురుడే ఉంటది. లోపల నూనె ఉంటెనే నిమ్మలంగ కూసుంటది," అన్నాడు. కారు వెనుక ఇరుసు విప్పి, పైకీ కిందికీ ఆడేలా ఒక రేకు పట్టీతో బిగించి ఇచ్చి, మిగతాది నన్నే చేసుకోమన్నాడు.

దవాఖానలో సూదులు లేని సిరంజీలు అడిగి తెచ్చుకున్నాను. సైకిల్ చువ్వ ముక్క కొసకు సిరంజీలోని రబ్బరు బిరడానే గుచ్చి, దానికి కాల్చిన సూదితో సన్నని బెజ్జం పెట్టాను. చువ్వ కదిలినప్పుడు నూనె ఆ బెజ్జంలోంచి ఇటూ అటూ మెల్లగా దూరాలి. ఆ మెల్లదనమే కారును ఎగరనివ్వదు. చువ్వ సిరంజీ మూతిలోంచి బయటికి వస్తుంది, అక్కడ నూనె కారకుండా ట్యూబు రబ్బరు ముక్క. వెడల్పు వైపు ఇంకో బిరడా. బయట బాల్‌పెన్ను స్ప్రింగు. ఇట్లాంటివి రెండు చేసి, ఇరుసుకూ కారు అడుగుకూ మధ్య నిలబెట్టాను.

ఇక నూనె. ఇంటినిండా నూనె ఉండగా ఫికరెందుకని నూలు నానే కుండలోంచి ముంచి పోశాను. నాలుగుసార్లు నొక్కేసరికి లోపల తెల్లటి నురగ! కారు పాత పద్ధతిలోనే ఎగిరింది. అదృష్టం, ఆసారి మూత ఖాళీగా ఉంది.

అవ్వ సిరంజీని వెలుతురుకు పట్టి చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. "బూడిద నీళ్లు కలిసిన నూనె గదనే అది. పిసికితే నురగ రాకుంటె నూలెట్ల నానుతది? నువ్వు సబ్బు చేసినవ్ పో."

గూట్లోంచి తన తలకు రాసుకునే ఆముదం సీసా తీసిచ్చింది. మా చెలక ఆముదాలే, ఆమె వండి తీసిన నూనే. అది మరీ చిక్కన. నొక్కితే దిగిన చక్రం లేవనని మొండికేసింది. బూడిద నీళ్లు కలపని నువ్వుల నూనె చుక్కచుక్కగా కలుపుతూ, గాలి బుడగ మిగలకుండా నింపుతూ కూర్చున్నాం. అవ్వ వేలితో నొక్కేది, "ఇంకొంచెం" అనేది.

ముసురు తెరిపిచ్చిన పొద్దున, కండెలను అవ్వే స్వయంగా మూతలో పేర్చింది. నేను రిమోటు మీట నొక్కాను. బండల సందు దగ్గర కారు వెనుక భాగం కుంగింది, మెల్లగా లేచింది, ముందుకు పోయింది. రెండో సందు. గడప దగ్గర ఏటవాలుగా వేసిన చెక్క. కండెలు కదిలాయి, పడలేదు. కారు మగ్గం గుంట అంచున ఆగింది.

మగ్గం చప్పుడు ఆగింది. బాపు ఒక వేలితో కారు వెనుక భాగాన్ని నొక్కి వదిలాడు, అది లేవడం చూశాడు, మళ్లీ నొక్కాడు. కండె తీసి, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టుకున్నాడు. కాసేపటికి లోపలినుంచి కేక వినిపించింది. "ఓ కారూ, ఇంకో కండె." నన్ను పిలవలేదు.

కొన్నేళ్లకు ఆ మగ్గం గుంటను పూడ్చి టైల్స్ వేశాం. బాపు ఇప్పుడు బట్టల దుకాణంలో ఇతరులు నేసిన చీరలు మడతపెడతాడు. ఆముదాలు వేసిన చెలకలో పత్తి ఉంది. వాకిలి ఎంత నున్నగా ఉందంటే షాక్ అబ్జార్బర్‌కు పనే లేదు.

బండి బాగయ్యాక అవ్వను వెనుక కూర్చోబెట్టుకుని మోకాళ్ల నొప్పులకు దవాఖానకు బయలుదేరాను. స్పీడ్ బ్రేకర్ రాగానే, మూతలో కండెలున్నప్పటిలాగే, ఊపిరి బిగబట్టాను. బండి కుంగింది, మెల్లగా లేచింది. నా భుజం మీద అవ్వ చేయి బిగుసుకోలేదు.

"ఏం నూనె పోసినవే?" అంది.

"కొన్నదేనవ్వా."

ఆమె వేలితో సీటును ఒకసారి నొక్కి చూసింది. "పర్వాలేదు," అంది, "నురగైతే రాలే."