మొగకు అవతలి ఒడ్డున మా శీను

దయ్యాల మాటెత్తితే నాకు ఒళ్ళు మండేది. చాలా ఏళ్ళుగా హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. పిల్లకు గాలి సోకిందని తాయెత్తు కట్టించుకొచ్చిన తల్లి మీద, ముందు రక్తపరీక్ష చేయించమ్మా అని గొంతు పెంచిన మనిషిని. ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవరినో నమ్మించడానికి కాదు. నాకే అర్థం కాక రాస్తున్నాను.

మాది గిద్దలూరు. నాకు ఉద్యోగం మాత్రం సముద్రం పక్కన, చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో వచ్చింది. మా తమ్ముడు శీను మార్కాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. నాకు షుగర్ వచ్చిందని తెలిసినప్పటి నుంచి వాడు నెలకోసారి శనివారం బస్సెక్కి వచ్చి, ఆదివారం పొద్దున్నే నన్ను పరిగెత్తించేవాడు. "కూసుంటే లావైతావక్కా, లెయ్" అని దుప్పటి లాగేసేవాడు. తిట్టుకుంటూ లేచేదాన్ని. ఆ ఆదివారం కోసం నెలంతా ఎదురుచూసేదాన్ని కూడా.

మేముండే ఊరికీ పక్క ఊరికీ మధ్య ఒక వాగు సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును అక్కడివాళ్ళు మొగ అంటారు. రోడ్డు మీద వంతెన దాటి పక్క ఊరికి పోయి, ఒడ్డున ఇసుక మీదుగా మొగ దాటి తిరిగి రావచ్చు. మొత్తం చుట్టు ఏడు కిలోమీటర్లు. సరుగుడు తోటలు, ఇసుకలోకి లాగిన రంగురంగుల పడవలు, పక్కనే అలలు. ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. కానీ మేమెప్పుడూ చుట్టు పూర్తి చేయలేదు. ఇద్దరికీ ఈత రాదు గనక మొగ దగ్గర వెనక్కి తిరిగేవాళ్ళం.

ఆ శనివారం మధ్యాహ్నం మూడింటికి ఇద్దరం మొగ దాకా నడిచాం. నీళ్ళు మోకాళ్ళ లోతు కూడా లేవు. అడుగున ఇసుక మడతలు మడతలుగా కనిపిస్తోంది. చిన్నప్పుడు మా ఊరి వాగు సగిలేరు దాటేటప్పుడు మా నాయన చెప్పింది ఒక్కటే, ఇసుక కనపడితే అడుగెయ్యమని. మా మెట్ట ప్రాంతం వాళ్ళకు నీళ్ళ గురించి తెలిసింది అంతే.

"రేపు చుట్టంతా తిరుగుదాంరా. నువ్వు ఇసుక మీద రా, నేను రోడ్డు మీద పోతా. పక్కూళ్ళో ఎదురుపడదాం" అన్నాను.

"దాటొచ్చంటావా?" అన్నాడు వాడు నీళ్ళకేసి చూస్తూ.

"ఏముందిరా, మన వాగు లెక్కనే గదా."

ఆటుపోట్ల పాఠం ప్రతి ఏడూ నేనే చెబుతాను. బోర్డు మీద చంద్రుడి బొమ్మ వేసి మరీ చెబుతాను. ఆ మధ్యాహ్నం అదొక్కటీ నా బుర్రకు తట్టలేదు.

పొద్దున సరిగ్గా ఆరు గంటలకు ఇద్దరం, పరిగెత్తిన దారీ సమయమూ నమోదు చేసే వాచీలు నొక్కి బయల్దేరాం. వాడు ఒడ్డు వైపు పోయాడు. నేను వంతెన దాటి పక్క ఊరు చేరేసరికి ఆరున్నర. ఎండ బాగా వచ్చింది. ఒక ముసలామె చేపలు ఆరబెడుతోంది. అక్కడే శీను ఎదురొచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు, కానీ ముఖంలో ఆయాసం లేదు. నేను చెయ్యెత్తితే, ఆగకుండానే తన చెయ్యి తగిలించాడు.

"ఇది మన వాగు గాదక్కా" అన్నాడు. దారి అడిగినవాళ్ళకు చెప్పినట్టు, మామూలుగా.

మొగ దగ్గర జారిపడి ఉంటాడని నవ్వొచ్చింది. అరచెయ్యి తడిగా ఉంటే చొక్కాకు తుడుచుకుని పరిగెత్తాను.

పావుగంటలో మొగ చేరాను. నిన్న చూసిన నీళ్ళు కావవి. సముద్రం లోపలికి వచ్చేసింది. అవతలి ఒడ్డున, మా ఊరి వైపు, పది మంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఎవరో పడుకుని ఉంటే, ఒకతను వంగి గుండె మీద నొక్కుతున్నాడు. ఆకుపచ్చ బూట్లు కనిపించాయి. నేను కొనిచ్చిన బూట్లు.

అరిచాను. అలల చప్పుడుకు నా గొంతు నాకే వినపడలేదు. నీళ్ళలోకి దిగితే కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. దిగొద్దని అవతల నుంచి చేతులూపారు. పడవ వచ్చేదాకా అక్కడ నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాను. అతను నొక్కడం ఆపేయడం కూడా ఇవతలి నుంచే చూశాను.

శీను వాచీలో దారి గీత ఆరూ పన్నెండుకు మొగ దగ్గర ఆగిపోయింది. వాడు మునగడం చూసిన జాలర్లు వలేసి వెతికి బయటికి తీసింది అరగంట తర్వాత. నా వాచీలో నేను పక్క ఊరు చేరింది ఆరున్నరకు. అంటే అప్పటికి వాడు నీళ్ళలోనే ఉన్నాడు. రెండు వాచీలూ నా దగ్గరే ఉన్నాయి. ఎన్నిసార్లు చూసినా అవే అంకెలు.

కొన్నాళ్ళకు ఆ ముసలామె దగ్గరకు వెళ్ళి అడిగాను. "నీ ఎదర ఎవరూ రాలేదమ్మా. నువ్వు చెయ్యెత్తితే నాకేననుకుని నేనూ ఎత్తాను" అంది.

నా మెదడు కల్పించుకుందని అనవచ్చు. ఇంకెవరైనా చెబితే నేనూ అదే అంటాను. కానీ ఆ క్షణాన నాకు ఏ భయమూ లేదు, వాడి గురించి ఏ ఆలోచనా లేదు. నన్ను దిగొద్దని హెచ్చరించడానికి వచ్చాడో, నా మాట నాకు అప్పజెప్పడానికి వచ్చాడో తెలియడం లేదు. రెంటిలో ఏదైనా, నేను నవ్వాను.

గిద్దలూరు పోయినప్పుడల్లా అమ్మ అడుగుతుంది, "ఈత రాని పిల్లోడు, అన్ని నీళ్ళల్లోకి ఎట్ల దిగినాడే?" అని.

తెలియదమ్మా అంటాను. వాడు నాకెలా కనిపించాడో నిజంగానే తెలియదు. నీళ్ళలోకి ఎలా దిగాడో మాత్రం తెలుసు. అది ఆమెకు ఇంతవరకు చెప్పలేకపోయాను.