గేటుకు కట్టిన తువ్వాలు

ఈ ఉదయం నైట్ డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి గేటుకు తడి తువ్వాలు వేలాడుతోంది. దగ్గరికెళితే బట్టల సబ్బు వాసన, దానితో పాటు పాత నూలు వాసన. నేను పడుకుంటానని మా ఆయన ముందే కట్టి ఉంచాడు. భిలాయి పక్కన చరోదా రైల్వే యార్డు ఆఫీసులో నాది షిఫ్టుల ఉద్యోగం. ఆ తువ్వాలు కనిపిస్తే పాలవాడు బెల్లు కొట్టడు, పక్కింటి దీదీ గొంతు తగ్గిస్తుంది. ఈ అలవాటు ఎవరు నేర్పారో వాళ్ళెవరికీ తెలియదు. నేర్పింది ఫాదర్ మత్తాయి.

ఆయన కేరళ నుంచి వచ్చిన మిషనరీ. మా స్టీలు ప్లాంటు సెక్టర్ 7 క్వార్టర్లలో చర్చికి వచ్చే తెలుగు కుటుంబాలన్నీ శ్రీకాకుళం, విజయనగరం వైపువే. ఫాదర్ తెలుగును పుస్తకాల్లో నేర్చుకోలేదు, మా వాళ్ళ వంటిళ్ళలో నేర్చుకున్నారు. అందుకే ఆదివారం ప్రసంగంలో కూడా ‘ఏటి’, ‘ఎల్లీసినాడు’ దొర్లేవి. పిల్లలం నవ్వేవాళ్ళం, ఆయనా నవ్వేవారు. వచ్చిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే సైకిలు మీద మా ఇంటికొచ్చి బెల్లు కొట్టారు. నాన్న అప్పుడే నైట్ షిఫ్ట్ దిగి నిద్రలోకి జారాడు. చర్చి గురువుగారే గుమ్మంలోకి వస్తే నిద్రొస్తోందని ఎవరంటారు? ఎర్రటి కళ్ళతోనే కూర్చుని మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పాడు. ఆ రాత్రి పనిలో తూలి పడబోతే పక్కనున్నాయన చొక్కా పట్టుకుని ఆపాడట. సంగతి తెలిసిన ఫాదర్ మరునాటి సాయంత్రం వచ్చి నాన్న ముందు చేతులు జోడించారు. “తప్పు నాదే బాబూ. నాకు తెలవలేదు” అన్నారు. నాన్న సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ అందరికీ చెప్పారు, నైట్ చేసి పడుకున్నవాళ్ళు గేటుకు తువ్వాలు కట్టండి, నేను సైకిలు దిగను అని. అంతటితో ఊరుకోలేదు. ప్లాంటులో ఎవరికి ఏ వారం ఏ షిఫ్టో ఇంటింటికీ అడిగి ఒక చార్టు రాసుకుని తన గది గోడకు అంటించుకున్నారు.

ఆ చార్టు సంగతి మరిచిపోవడం నేను చేసిన పెద్ద తప్పు. పదో తరగతిలో లెక్కలు తప్పాను. ఫాదర్ వచ్చి అడుగుతారు, ఏం చెప్పాలి? నాన్న ఫస్ట్ షిఫ్టుకు వెళ్ళగానే గేటుకు తువ్వాలు కట్టేదాన్ని, నాన్న తిరిగొచ్చే వేళకు విప్పేసేదాన్ని. ఐదు రోజులు అలాగే చేశాను. ఐదు రోజులూ సైకిలు మా గేటు ముందు నెమ్మదించి వెళ్ళిపోయింది. తెలివైనదాన్నని మురిసిపోయాను. ఆరో రోజు బెల్లు మోగింది.

“ఏ షిఫ్టమ్మా ఇంట్లో?” అన్నారు గేటు అవతలి నుంచే.

“నైట్, ఫాదర్.”

“మీ నాన్నది ఈ వారం ఫస్ట్ షిఫ్ట్. చార్టు నా కాడ ఉన్నాది.” తువ్వాలు విప్పి, మడతపెట్టి, నా చేతిలో పెట్టారు. “ఇది పడుకున్నోళ్ళకి పిల్లా, దాక్కున్నోళ్ళకి కాదు. ఐదు రోజులు ఊరుకున్నాను. ఇక కుదరదు. మళ్ళీ రాసే పరీక్ష ఫారానికి రేపే ఆఖరు. పద.”

ఆయన మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఐదు రోజుల నుంచీ తెలిసి ఊరుకున్నారంటే ఇంకా ఎక్కువ కోపం. అయినా వెళ్ళాను. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. తువ్వాలు సంగతి ఆయన నాన్నకు ఎన్నడూ చెప్పలేదు.

తరవాత ఆయనకు బదిలీలయ్యాయి. అడవి పల్లెల్లో ఏళ్ళ తరబడి పనిచేశారు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, మాట దెబ్బతిన్నాయి. భిలాయి-3లో వయసు మళ్ళిన చర్చి గురువులుండే ఇంటికి తీసుకొచ్చారని తెలిసి పాతవాళ్ళందరం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. ఒక ఆదివారం మా చర్చిలోనే కలవాలని, ఆయన చేతి మీదుగా మళ్ళీ ఒక తెలుగు పూజ వినాలని అనుకున్నాం. విశాఖ నుంచి, రాయ్‌పూర్ నుంచి జనం బయలుదేరారు. సరిగ్గా అప్పుడు ఆయన రానని కబురు పంపారు. ఎలాగైనా ఒప్పించమని శనివారం మావాళ్ళు నన్ను పంపారు.

ఆయన గది తలుపు గొళ్ళేనికి తువ్వాలు కట్టి ఉంది. “చార్ దిన్ సే కిసీ సే నహీ మిల్తే, దీదీ” అంది అక్కడి నర్సు సిస్టర్. నాలుగు రోజులుగా ఎవరినీ రానివ్వడం లేదట. ఆ ముడి కూడా ఎడమ చేత్తో ఆయనే వేసుకున్నారట. ఆ వంకర ముడి చూస్తే నాకు ఏడుపొచ్చింది. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. ఆయన మా తువ్వాలును గౌరవించినట్టు నేనూ గౌరవించాలి కదా అనిపించింది. కానీ అది పడుకున్నవాడి తువ్వాలు కాదని నాకు తెలుసు. తలుపు కొట్టాను.

“ఏ షిఫ్ట్, ఫాదర్?”

లోపలి నుంచి ముద్దగా వినిపించింది. “నై... ట్.”

“చార్టు నా కాడ ఉన్నాది. మీది ఈ వారం ఫస్ట్ షిఫ్ట్.”

లోపల నవ్వో దగ్గో తెలియని చప్పుడు. వెళ్ళాను. కిటికీ పక్కన కుర్చీలో సగానికి సగం అయిపోయి ఉన్నారు. “పాత్ర... ఎత్తలేను పిల్లా. ఆళ్ళు నన్నిలా... సూడకూడదు.” పూజలో ద్రాక్షరసం ఉన్న పానపాత్రను అందరికీ కనబడేలా తల పైకి ఎత్తాలి.

“ఆళ్ళు మాత్రం అలాగే ఉండిపోయారేటి ఫాదర్? మా నాన్నకి చెవులు పోయాయి. పక్క క్వార్టరు జోజి మావకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆళ్ళే వచ్చీస్తన్నారు. మీరు తువ్వాలు కట్టుకుని కూకుంటారేటి?” గొంతు పెంచానని తరవాత సిగ్గుపడ్డాను.

 ఆయన బల్ల మీది స్టీలు గ్లాసు చూపించి నీళ్ళు పొయ్యమన్నారు. ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతిని దానికి ఆనించి ఎత్తారు. నీళ్ళు ఒళ్ళో పడ్డాయి. “మళ్ళీ” అన్నారు. మళ్ళీ పడ్డాయి. సిస్టర్ వద్దంటున్నా వినలేదు. సాయంత్రం దాకా నేను పోస్తూనే ఉన్నాను, ఆయన ఎత్తుతూనే ఉన్నారు. చివరికి గ్లాసు గడ్డం దాకా వచ్చింది. చొక్కా మొత్తం తడిసింది.

ఆదివారం చక్రాల కుర్చీ వద్దన్నారు. నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని గుమ్మం నుంచి బలిపీఠం దాకా నడిచారు. పాట అయిపోయింది, మళ్ళీ ఎత్తుకున్నాం, మళ్ళీ అయిపోయింది. ఎవరూ వెళ్ళి చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే ఊరుకోరని అందరికీ తెలుసు. మాట సాగనిచోట పక్కనున్న యువ గురువు అందుకున్నాడు. పానపాత్ర మాత్రం ఆయనే ఎత్తారు. గడ్డం దాకానే ఎత్తారు. వణికింది, కానీ చుక్క ఒలకలేదు. నా పక్కన నాన్న వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. తన ఏడుపు తనకే వినిపించదు కాబట్టి చర్చంతా వినిపించింది.

పూజ అయ్యాక మైకు దగ్గరికి వచ్చి ఒక్కొక్క మాటే కూడదీసుకున్నారు. “నాను... డ్యూటీకి... వచ్చీసినాను.”

ఇప్పుడు మా గేటుకున్నది ఆయన గది తువ్వాలే. ఆ ఆదివారం సాయంత్రమే విప్పించి నాకిచ్చేశారు, “ఇక నాకెందుకూ” అంటూ. ఆయన ఇప్పటికీ రోజూ గ్లాసు ఎత్తుతూనే ఉన్నారు, ఇప్పుడది నుదుటి దాకా వస్తోందని సిస్టర్ చెప్పింది. నాకూ లోకానికి ముఖం చూపించాలనిపించని రోజులు వస్తాయి. రావాల్సిన ప్రమోషన్ రానినాడు, డ్యూటీ లేకపోయినా ఈ తువ్వాలు తీసుకుని గేటు దాకా వెళ్ళాను. కట్టబోతూ ఏ షిఫ్టని నన్ను నేనే అడిగాను. మడతపెట్టి లోపలికి తెచ్చేశాను. ఈ ఉదయం మాత్రం నిజంగానే నైట్ చేసి వచ్చాను. ఇక పడుకుంటాను.