బావ వేళ్ళకు పట్టీ

కళ్ళజోళ్ళ షాపు బావకి ఒకటే పిచ్చి. ఎవరు ఎదురుపడినా ముఖం చూడడు, ఎడమచెయ్యి చూస్తాడు. బిలియర్డ్స్ ఆడేటప్పుడు కర్ర కుదురుగా సాగడానికి ఎడమచేతిని బల్ల మీద ఆనిస్తారే, ఆ బ్రిడ్జియే ఆయన దృష్టిలో అసలు ఆట. బంతులూ పాకెట్లూ దానికి తోడు, అంతే.

ఒక పెద్దావిడ కొత్త అద్దాలు పెట్టుకుని, కౌంటరు మీద చెయ్యి ఆనించి, "ఎలా ఉన్నాయి బాబూ?" అని అడిగింది.

"బొటనవేలు కాస్త పైకెత్తండమ్మా," అన్నాడు బావ.

క్లబ్బులో ఆ నోటికి రోజూ దొరికిపోయేవాడు బావమరిది. తెల్లబంతికి ముందు ఇంకో బంతి అడ్డుపడిందా, "వేళ్ళ మీద లేచి నిలబడు!" అని కేక.

"నేనా, చెయ్యా?"

"చెయ్యిరా! నువ్వెప్పుడు నిలబడ్డావు గనక!"

అలాంటి బావ ఒక ఆదివారం చూపుడువేలూ మధ్యవేలూ మడిచి, పట్టీ చుట్టుకుని వచ్చాడు.

"దెబ్బ తగిలిందా బావా?"

"లేదు. ఆడు."

కర్ర అటు జారింది, ఇటు జారింది. తెల్లబంతి బల్ల దిగి బెంచీ కిందికి పోయింది. పుట్టి బుద్ధెరిగాక బావ మీద గెలవని బావమరిది ఆ రోజు గెలిచాడు. ఆ తర్వాతా గెలుస్తూనే ఉన్నాడు. వెళ్ళి అక్క దగ్గర గొప్పలు పోయాడు.

"మురిసింది చాల్లే," అంది అక్క. "ఇంట్లో భోజనాల బల్ల మీద చీపురుకర్రతో ఉల్లిపాయల్ని కొడుతున్నాడు. పట్టీ విప్పమంటే వినడు."

పిచ్చి ముదిరిందని బావమరిదికి బెంగ పట్టుకుంది.

నెల తిరిగేసరికి బావ బంతులు మళ్ళీ పాకెట్లలో పడసాగాయి. ఒక సాయంత్రం ఆయన ఫ్యాక్టరీలో పనిచేసే ఫిట్టర్‌ని వెంటబెట్టుకొచ్చాడు. అతను ఒకప్పుడు క్లబ్బులో అందరికన్నా బాగా ఆడినవాడు. మిషన్లో పడి ఎడమచేతి చూపుడువేలూ మధ్యవేలూ పోయాక ఇటు తొంగిచూడలేదు. ఇప్పుడూ చెయ్యి జేబులోంచి తియ్యలేదు.

"చూసి పోతానన్నా. ఆడను."

"ముందు ఆ చెయ్యి బయటికి తియ్యి." బావ తన పట్టీ చేతిని బల్ల మీద పెట్టాడు. "మిగిలిన ఈ రెండు వేళ్ళూ కాళ్ళనుకో, నిలబెట్టు. బొటనవేలు మెటికకి ఆనించు. ఆ సందులోంచి కర్ర పోనీ. భయపడకు, నీ తప్పులన్నీ నేను ముందే చేసేశాను."

నెల్లాళ్ళ తన గెలుపులు ఎక్కణ్ణుంచి వచ్చాయో బావమరిదికి అప్పుడు తెలిసింది.

ఫిట్టర్ చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. కొట్టాడు. ఎర్రబంతి మూల పాకెట్లో పడింది. తనే నమ్మలేనట్టు కాసేపు అటే చూశాడు.

"ఇంకోటి కొట్టనా అన్నా?"

"అడుగుతావేంటి? బల్ల నీదే."

బావ పట్టీ విప్పి, తిమ్మిరెక్కిన వేళ్ళు విదిలించుకుంటూ బావమరిది వైపు తిరిగాడు.

"ఏరా, నెల్లాళ్ళు వరసగా గెలిచావుగా? పక్క బల్ల ఖాళీయే. రా!"

బావమరిది అప్పటికే కర్ర గోడకి చేర్చి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"అక్క తొందరగా రమ్మంది బావా!"