తాబేళ్ల తీరంలో నక్కల తరఫున

తొంభైల మధ్యకాలం. సికింద్రాబాద్‌లో ఒక మహిళా కళాశాలలో నేను జువాలజీ లెక్చరర్‌ని. పద్మారావు నగర్‌లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. ఏటా చలికాలం చివర సెలవులన్నీ పోగేసుకుని కోస్తాకు రైలెక్కేదాన్ని. నా పరిశోధన అక్కడి ఇసుక తీరం మీద. ఏ జంతువు దేన్ని తింటుంది, దాన్ని తీసేస్తే మిగతావాటికి ఏమవుతుంది అన్నదే నా ప్రశ్న. వేటాడి తినే జంతువును మా శాస్త్రంలో ప్రిడేటర్ అంటాం.

ఆ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. ఇసుకలో గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి, పైన కప్పేసి సముద్రంలోకి వెళ్లిపోతాయి. తర్వాత ఆ గూళ్లకు దిక్కెవరూ ఉండరు. ఆ ఏడాది చాలా గూళ్లు పాడయ్యాయి. తాబేళ్లను కాపాడటానికి ఒక కమిటీ వేశారు. అందులో నా పేరూ చేర్చారు. ఛైర్మన్ రిటైరైన పెద్ద అధికారి. ఆయనకు వీలుగా సమావేశాలు సికింద్రాబాద్‌లోనే, ఒక అతిథి గృహంలో జరిగేవి.

మొదటి సమావేశంలోనే బల్ల మీద ఫోటోలు పరిచారు. తవ్వేసిన గూళ్లు, చిరిగిన గుడ్డు పెంకులు, పక్కనే నక్క అడుగులు.

“ఇంకేం రుజువు కావాలి? బోనులు పెట్టి నక్కల్ని పట్టించేద్దాం,” అన్నారు ఛైర్మన్. అందరూ తలలూపారు.

నేను చెయ్యెత్తాను. “సార్, కొన్ని గూళ్ల పక్కన సన్నటి కన్నాలు కూడా ఉన్నాయి చూడండి. అవి నక్క చేసినవి కావు. గోస్ట్ క్రాబ్‌వి.”

గోస్ట్ క్రాబ్ అంటే ఇసుక రంగులో ఉండే పీత. ఎదురుగా నిలబడ్డా కదిలేదాకా కనిపించదు. బొరియ తవ్వుకుంటూ గూట్లోకి దిగి గుడ్లు తింటుంది. ఆ పీతల్ని నక్కలు తింటాయి. నక్కల్ని తీసేస్తే పీతలు పెరిగి గుడ్లకు ఇంకా చేటు రావచ్చని నా అనుమానం. పెద్ద ప్రిడేటర్ పోతే చిన్నది చెలరేగడాన్ని మీసోప్రిడేటర్ రిలీజ్ అంటారు. వాళ్లకు అదే చెప్పాను.

“గుడ్లు పోతున్నాయని మేం మొత్తుకుంటుంటే మీరు నక్కల తరఫున వకాల్తా పుచ్చుకున్నారేంటమ్మా?” అన్నారు ఛైర్మన్.

“తాబేళ్ల తరఫునే సార్. ఒక్క సీజన్ ఆగండి. పరీక్ష చేసి చూద్దాం.”

“హుస్సేన్ సాగర్ గట్టున కూర్చుని సముద్రం సంగతి చెప్తే ఎలా?”

అందరూ నవ్వారు. తీర్మానం ఏకగ్రీవమని రాయబోతుంటే లేచి నిలబడ్డాను. “నేను ఒప్పుకోలేదని రాయండి సార్.” రాసేదాకా కూర్చోలేదు. ఆ తర్వాత నాకు ఏ సమావేశానికీ పిలుపు రాలేదు.

అదృష్టమేమిటంటే, నక్కల్ని పట్టడానికి వాళ్లకు అనుమతి ఆలస్యమైంది. తీరం మీద నా పరిశోధనకు అటవీ శాఖ అనుమతి అప్పటికే ఉంది. ఆ సీజన్‌ను వదులుకోదలచుకోలేదు. రాంగోపాల్‌పేట్‌లో ఇనుప జాలీల పని చేసే యూసుఫ్ భాయ్ దగ్గరికి వెళ్లాను. నేను గీసిచ్చిన బొమ్మను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

“ఏందీ మేడం ఇది? కోళ్లకా, కుందేళ్లకా?”

“తాబేలు గుడ్లకు.”

“గుడ్లు యాడికి ఉరుకుతయని పంజరం?”

“అవి ఉరకవు. పీతలు లోపలికి రాకుండా, భాయ్.”

ఆయన పడీ పడీ నవ్వాడు. తర్వాత పనిలో పడ్డాడు. “సముద్రం కాడ మామూలు జాలీ తుప్పు పడ్తది. జెర మంచి పూతది ఏస్తా. అంచులు సుత మడతపెడ్తా, లేకుంటె చేతులు కోసుకుంటరు.”

తీరం మీద గూళ్లను మూడు రకాలు చేశాను. కొన్నింటిని అలాగే వదిలేశాను. కొన్నింటి చుట్టూ నక్క దూరలేని, పీత దూరగలిగే కంచె కట్టాను. ఇలాంటి కంచెను ఎక్స్‌క్లోజర్ అంటారు. మిగతావాటి మీద యూసుఫ్ భాయ్ సన్నజాలీ పంజరాల్ని ఇసుకలోకి లోతుగా దించాను. వాటిలోకి నక్కా రాదు, పీతా రాదు.

ఒక ఉదయం కమిటీ మనిషి ఒకతను కూలీలను వెంటబెట్టుకుని వచ్చాడు.

“కంచెలు పీకెయ్యమన్నారండీ ఛైర్మన్ గారు. కమిటీ ఒప్పుకోలేదంట.”

“ఒప్పుకోవాల్సింది కమిటీ కాదు. అటవీ శాఖ ఒప్పుకుంది.”

“అయ్యన్నీ నాకు తెలవ్వండీ. పీకమన్నారు, పీకుతాం.”

నేను కంచె దాటి లోపలికెళ్లి, గూళ్ల మధ్య ఇసుకలో చతికిలబడ్డాను. “సరే, పీకండి. నన్ను కూడా మోసుకెళ్లాలి మరి.”

కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతను కాసేపు గొణిగాడు, బతిమాలాడు, కేకలేశాడు. నేను కదల్లేదు. ఎండ ముదిరాక వాళ్లే వెళ్లిపోయారు. మర్నాడూ, ఆ మర్నాడూ అక్కడే కూర్చున్నాను.

సీజన్ ముగిసేసరికి విషయం తేలింది. వదిలేసిన గూళ్లలో కొన్నింటిని నక్కలు తిన్నాయి. కంచె ఉన్నచోట నక్క అడుగే లేదు, కానీ పీతల బొరియలు జల్లెడలా కమ్ముకున్నాయి. అక్కడ నష్టం తగ్గలేదు సరికదా, పెరిగింది. పంజరాల కింది గుడ్లు మాత్రం నిలిచాయి. పిల్లలు బయటపడే సమయానికి పంజరాల మూతలు తీసేశాను. ఆ పిల్లలు నీళ్లవైపు పాకుతుంటే సంతోషంతో గట్టిగా అరవాలనిపించింది.

నక్కల పెంట కూడా సంచుల్లో తెచ్చాను. దీన్ని స్కాట్ అంటారు. కడిగి వడకడితే జంతువు ఏం తిన్నదో తెలుస్తుంది. ఇంటి వెనక బకెట్లో కడుగుతుంటే అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ప్రార్థన చేసుకునే ఇంట్లో ఈ కంపేవిటే తల్లీ!” అని తిడుతూనే ఇంకో బకెట్ నీళ్లు తెచ్చి పోసింది. అడుగున మిగిలినవాటిలో ఎక్కువ పీత డెక్కలే.

కమిటీ మళ్లీ కూర్చుంటోందని తెలిసి, పిలవకపోయినా బయల్దేరాను. పంజరాన్ని ఆటోలో వేసుకుని యూసుఫ్ భాయ్ కూడా వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగిపోతుంటే, “చేసింది మీరు. లోపలికి రండి,” అన్నాను.

“మిమ్మల్ని పిలవలేదే?” అన్నారు ఛైర్మన్.

“లేదు సార్. అయినా వచ్చాను.” పీత డెక్కలున్న స్టీలు పళ్లెం ఆయన ముందుంచాను. “ఇవి నక్కలు తిన్న పీతలు. మీ బోనులు కాపాడేది వీటిని. గుడ్లను కాదు.”

ఛైర్మన్ ఒక డెక్కను వేళ్లతో తిప్పి చూశారు. “నాలుగు కంచెలు కట్టి తీరమంతా తెలిసిపోయిందంటారా?”

అది న్యాయమైన ప్రశ్న. “అనను సార్. తెలియకుండా నక్కల్ని పట్టించొద్దు అంటున్నాను. ఇంకా ఎక్కువ చోట్ల చూద్దాం. ఈలోగా గూళ్ల మీద పంజరాలు పెట్టండి.”

ఆయన యూసుఫ్ భాయ్ వైపు తిరిగారు. “ఇలాంటివి ఎన్ని చేయగలవు?”

“ఎన్నంటె అన్ని చేస్తా సార్. నక్కల బోన్లు మాత్రం చెయ్య. మేడంకు గుస్సా వస్తది.”

ఈసారి నవ్వు నా మీద కాదు. బోనుల ప్రతిపాదనను వాయిదా వేశారు. అది మళ్లీ పైకి రాలేదు. తర్వాతి సీజన్‌కు పంజరాలు తీరానికి వెళ్లాయి, కమిటీ ఆలోచనగా. నా మాట నిజమని ఎవరూ అనలేదు. కమిటీలోకి తిరిగి తీసుకోనూ లేదు. నా ఖర్చుతో నేను రైలెక్కుతూనే ఉన్నాను.

పోల్చి చూడటానికి ఏటా కొన్ని గూళ్లకు పంజరం పెట్టకుండా వదులుతాం. వాటిని కంట్రోల్ అంటారు. కొన్నేళ్ల తర్వాత ఒక తెల్లవారుజామున అలాంటి గూటి దగ్గర కూర్చుని ఉండగా ఒక ఆడనక్క వచ్చింది. నా కళ్లముందే తవ్వడం మొదలుపెట్టింది. చప్పట్లు కొడితే పారిపోయేదే. చేతులు ఒడిలో బిగించుకుని కూర్చున్నాను. వేటాడే జంతువు తరఫున నిలబడటమంటే అది తినడాన్ని కళ్లారా చూసి కూడా మాట మార్చకపోవడమేనని ఆ పని నాకు నేర్పింది. అంతకుముందు గదుల్లో నేను చేసిన వాదనలన్నీ దీనిముందు తేలికే.

నక్క తినడం ముగించి, మూతిని ఇసుకకు రాసుకుని, పీతల బొరియల వైపు నడిచింది. నేను లేచి పెంకులు ఏరడం మొదలుపెట్టాను.